సన్నాసి మామ కూర్చున్న పెట్టె

ఓయ్ పెద్దమనిషీ! నన్ను చూసి బియ్యం డబ్బా అనుకుని మూత లాగబోతున్నావా? ఆగాగు, వేలు తగిలితే అంతర్జాతీయ కేసవుతుంది! నేను ఒక ఓటుపెట్టెను. అలాంటిలాంటి పెట్టెను కాను. సముద్రాల అవతలి మానవ హక్కుల కోర్టు చేత "ముట్టుకోకండి" అనిపించుకున్న పెట్టెను!

మాది చెరకుతోటల దీవి. ఎప్పుడో విశాఖ తీరంలో ఓడెక్కిన వాళ్ల మునిమనవలే ఇక్కడ సగంమంది. రేవులో ఒక కమ్మరి పాత ఓడ రేకుతో నన్ను చేశాడు. ఓటు వేసేదాకా మనుషులు నాకు దండం పెడతారు, లెక్క అయ్యాక కాలితో పక్కకు నెడతారు. అలవాటైపోయింది.

ఈసారి సింహాద్రమ్మ పోటీచేసింది. ఓడిపోయిందన్నారు. తీరా చూస్తే జాలరిపేట పెట్టెను సీలు చెదిరిందని లెక్కే పెట్టలేదు. దీవిలో ఎవరూ వినకపోతే ఆమె అంతర్జాతీయ కోర్టుకెక్కింది. అక్కడ తీర్పుకు ఏళ్లు పడతాయి. ఇక్కడి చట్టమేమో ఫలితం చెప్పగానే ఓట్లు కాల్చేయమంటుంది.

"నన్ను నెగ్గించమనట్లేదు బాబూ. తీర్పొచ్చేదాకా కాల్చకండంటన్నాను. రేపు కేసు గెలిస్తే బూడిద లెక్కెడతారేటి?" అని మొత్తుకుంది సింహాద్రమ్మ. కోర్టు నుంచి జవాబు రాకముందే కాల్చే రోజు వచ్చేసింది.

గోదాము ముందు మంట రాజుకుంది. వానలకు గోదాము కప్పు కారి, ఏ పెట్టె ఏ పేటదో చెప్పే సుద్దరాతలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. "ముందు జాలరిపేటది తెండి!" అన్నాడు ఎన్నికల అధికారి రామిశెట్టి. అంతే! సింహాద్రమ్మకు మేనమామా, ఏజెంటూ అయిన సన్నాసి పరుగున వచ్చి ధబీమని నా మీద కూర్చున్నాడు.

"ఇదే మా జాలరిపేట పెట్టె! ముందు నన్నెత్తు, తర్వాత దీన్నెత్తుదువు!"

నా రేకు గుండె ఉబ్బిపోయింది. నేనే ఆ పెట్టెనన్నమాట!

"లెగు మామా, నా ఉద్యోగం పోద్ది" అన్నాడు రామిశెట్టి.

"మోకాళ్లు పట్టేసినాయిరా అల్లుడా. టీ తెప్పించు, సూద్దాం."

టీ వచ్చింది. పంచదార చాలలేదన్నాడు, చెరకు దీవిలో! మళ్లీ టీ వచ్చింది. కూలీలు చంకల్లో చేతులేసి లాగితే చక్కిలిగింతలని కేకలు. మంట ఆరిపోవడం, మళ్లీ రాజేయడం. ఇంతలో గుమాస్తా కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"మధ్యంతర ఉత్తర్వు! తుది తీర్పు దాకా ఒక్క ఓటూ కాల్చొద్దంట! ఉన్నది ఉన్నట్టే ఉంచాలంట!"

జనం ఈలలు! మామ మాత్రం లేవలేదు. "ఉన్నది ఉన్నట్టే అన్నారు గదా, నేనూ ఉన్నాను. కదిపితే కోర్టు ధిక్కారం!"

రామిశెట్టి నిజంగానే హడలిపోయి గొడుగు పట్టించాడు, చేపలపులుసు తెప్పించాడు. మామ సుష్టుగా తిని, జాలిపడి దిగాడు.

చివరికి తీర్పు వచ్చింది. జాలరిపేట ఓట్లు లెక్కపెట్టాల్సిందే! పరిశీలకులందరూ నా చుట్టూ మూగారు. పెళ్లికొడుకులా నిటారుగా కూర్చున్నాను. మూత తీశారు. లోపల మామిడిపండు, బొప్పాయి, అనాసపండు బొమ్మల కాగితాలు! ఎన్నికలకు ముందు సిబ్బంది ముద్ర వేయడం నేర్చుకున్న నమూనా ఓట్లు.

మామ గోదాము మూలకెళ్లి గోనెసంచులు లాగాడు. అడుగున ఇంకో పెట్టె. ఏజెంట్లు సీలు లక్క మీద తమ ఉంగరం ఒత్తడం మా దీవి ఆచారం. మామ ఉంగరం గుర్తు దానిమీద చెక్కుచెదరలేదు. ఆ ఓట్లు కలిపితే సింహాద్రమ్మే నెగ్గింది!

రామిశెట్టి నోరెళ్లబెట్టాడు. "మరి దీనిమీదెందుకు కూకున్నావు మామా?"

"దానిమీద కూకుంటే నీకు తెలిసిపోదురా? నువ్వు నమ్మాలంటే ముందు ఈ పెట్టె నమ్మాల. సూడు, ఎంత బాగా నమ్మేసిందో!"