ఏమీ అనిపించని బొమ్మలు

పరాయివాళ్ల తలల్లోంచి జిగురు కడగడం ఆమె ఉద్యోగం. మెదడులో పుట్టే కరెంటును కొలిచే గది అది. వచ్చిన ప్రతి మనిషికీ తీగల టోపీ తొడిగి, ఒక్కో రంధ్రంలో జిగురు నింపి, తెర మీద బొమ్మలన్నీ అయిపోయాక తల రుద్ది పంపాలి. పాము, తెగిన చెయ్యి, ఏడ్చే పిల్ల: ఇవి మనసును కదిలించే బొమ్మలట. కుర్చీ, బకెట్టు, తువ్వాలు: ఇవి ఏమీ అనిపించని బొమ్మలట. వాటితో వీటిని పోల్చి చూస్తారు.

ఆ రోజు రావలసిన మనిషి రాలేదు. ఖాళీగానే ఉన్నావుగా, నువ్వే కూర్చోమన్నాడు పెద్దసారు. ఆమె చేతిలో కడగాల్సిన టోపీలు నాలుగున్నాయి. అయినా కూర్చుంది. ఆమెకూ ఒక సంగతి తేలాలి. అత్తగారు పోయిన రోజున ఆమె కళ్లు తడవలేదు. వచ్చిన నలభైమందికి టీలు కాచి, ముసలామె పక్కగుడ్డలు ఉతికేసరికి ఏడవడానికి తీరిక చిక్కలేదు. మూడేళ్లుగా మొగుడు దాన్నే పట్టుకు వేలాడుతున్నాడు. ఆడబిడ్డ ముందూ పిల్లల ముందూ అదే పాట: నీది మనసా, బండరాయా? వినగా వినగా ఆమెకే అనుమానం పట్టుకుంది. మిషనే చెబుతుందిలే అనుకుంది.

పాముకు ఆమె మెదడు కరెంటు గీత కాస్త లేచింది. పిల్లకు ఇంకాస్త. మంచం మీద ముద్దగా పడేసిన తడి తువ్వాలు వచ్చేసరికి కొండంత లేచింది. పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే ఆమె తీసి ఆరేసే మొగుడి తువ్వాలు లాంటిదే అది. తీస్తే అరిగిపోతావా అనే అతని గొంతు కూడా దాంతోపాటే వినబడింది.

సారు మొహం చిట్లించాడు. "తువ్వాలు చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదమ్మా. నువ్వు పళ్లు బిగించుంటావు. ఈ ముక్క కొట్టేద్దాం, ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టు."

ఇంట్లోనూ ఇంతే. తనకు ఏమనిపించిందో తేల్చేది ఎప్పుడూ ఇంకొకరే. ఆమె కలం పక్కన పెట్టింది.

"పళ్లు బిగిస్తే గీత పీచుపీచుగా వస్తుంది సార్. ఆరేళ్లుగా చూస్తున్నా. ఇది నున్నగా ఉంది. తువ్వాలు ఆరుసార్లొచ్చింది, ఆరుసార్లూ లేచింది. ఉంచితేనే సంతకం."

సారు ఆ ఆరు గీతలూ మళ్లీ చూసి, చెరిపేసే మీట మీంచి వేలు తీశాడు. ఆమె సంతకం పెట్టి, తన తల తనే కడుక్కుంది.

మర్నాడు పొద్దున తడి తువ్వాలు మంచం మీదే ఉంది. ఆమె చెప్పులేసుకుంటుంటే, తువ్వాలు తియ్యలేదని మొగుడు గుర్తుచేశాడు.

"బండరాయినన్నావుగా," అందామె గడప దాటుతూ. "రాయి ఎక్కడన్నా వంగుతుందా?"