రెండు వైపులా కాజాలు

చూపుడువేలి రెండో కణుపు దగ్గర ఆమె బొటనవేలు ఆగిపోయింది. లివరు ఎత్తాలి, బట్ట పెట్టాలి, ఆ తరవాత? కణుపుకొక పని చొప్పున పొద్దున్నే అప్పజెప్పుకుంది. కణుపులన్నీ ఉన్నాయి, పనులే ఎటో పోయాయి.

ముప్పై ఏళ్లుగా ఆ కుట్టుకొట్లో చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతోంది. సూదిపోట్లకు చూపుడువేలి కొస రాయిలా గట్టిపడింది. మొన్ననే కాజాల మిషను వచ్చింది.

"ఇది అయిదోసారి చెప్పడం పెద్దమ్మా," అన్నాడు మాస్టరు.

"వచ్చేస్తుందిలే. కొత్తలో నువ్వు జేబు తలకిందులుగా కుట్టలేదూ? ఆ పెద్దమనిషి డబ్బులు జారిపోయి ఊరంతా వెతుక్కున్నాడు!"

బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ముందున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. మాస్టరూ నవ్వాడు.

ఆమె మాత్రం నవ్వలేదు. పొయ్యి ఆర్పి వచ్చిందా? మొన్న పాలగిన్నె మాడితే కూతురు కేకలు వెయ్యలేదు. "ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే పని మాన్పించేస్తానమ్మా. ఇంట్లో ఉంచి తాళం వేసుకు వెళ్తా," అంది. తాళం వెనక, పొద్దస్తమానం, ఒక్కతీ. ఈ మిషను ఒక్కటి పట్టుబడితే చాలు.

మధ్యాహ్నానికి మిషను మాట విన్నది. టకటకమంటూ కాజా వెనక కాజా. ఆమె తల ఎత్తలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. సాయంత్రానికి ఆరు చొక్కాలు మడతపెట్టి మాస్టరు ముందుంచి, బడిపిల్లలా నిలబడింది.

మాస్టరు ఒకటి విప్పాడు. ఇంకొకటి విప్పాడు. కుడి ముక్కకూ కాజాలే, ఎడమ ముక్కకూ కాజాలే. గుండీ కుట్టడానికి చోటే లేదు.

"అయ్యయ్యో! ఎవరు చేశారిది?" అంది ఆమె.

ఓవర్‌లాక్ మిషను ఆగింది. ఆమె వాళ్ల మొహాలు చూసి, తన చేతులు చూసుకుంది.

"పోనీలే పెద్దమ్మా," అన్నాడు మాస్టరు. అంత మెత్తగా అతను ఎన్నడూ మాట్లాడలేదు.

"రెండు తిట్టరాదూ. మా అమ్మాయికి మాత్రం చెప్పకు నాయనా."

మాస్టరు చొక్కాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. "మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది పెద్దమ్మా. పొయ్యి వెలుగుతూనే ఉందట. నిన్ను తీసుకెళ్లడానికి వస్తోంది."

కూతురు ఆటోలో వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కించుకుంది.

మాస్టరు కొట్టు షట్టరు సగం దించి ఆగాడు. గడప పక్కన ఆమె చెప్పులు, మడమ దగ్గర ఒకవైపే అరిగినవి, వీధివైపు తిరిగి పొందికగా ఉన్నాయి.