ల్యాండ్‌లాక్డ్ వాటా

పంపకాల్లో చిన్నకోడలికి వెనక వాటా వచ్చింది. గాలీ వెలుతురూ వచ్చాయి గానీ దారి రాలేదు. వీధిలోకి వెళ్ళాలంటే తోడికోడలి వంటగది దాటాలి. దాటినప్పుడల్లా పొయ్యి దగ్గర్నుంచి "ఎక్కడికి?" అని ఒక ప్రశ్న ఎగిరొచ్చి మీద పడేది.

ఇప్పుడామెకి లైబ్రరీలో సాయంత్రం డ్యూటీ దొరికింది. ఎనిమిదింటికి గానీ వదలరు. బావగారేమో ఏడింటికే గేటుకి తాళం వేసి, తాళంచెవి తలగడ కింద పెట్టుకుంటారు. రేపటికల్లా వస్తావో రావో చెప్పమంది లైబ్రరీ ఆవిడ. అప్పట్నుంచీ చిన్నకోడలికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది.

"నీ వాటాని ఇంగ్లీషులో ల్యాండ్‌లాక్డ్ అంటారమ్మా" అన్నారు మామగారు. భూగోళం మాస్టారుగా రిటైరయ్యారు; కష్టానికి సరైన పేరు పెడితే సగం తీరినట్టేనని ఆయన లెక్క. "ల్యాండంటే నేల, లాక్డంటే బంధించింది. సముద్రం తగలని దేశాల్ని అలా అంటారు. మొదట్లో మాత్రం అది ఓడలవాళ్ళ మాట. చుట్టూ నేల కమ్ముకుని, గాలివాన సోకని రేవుని అనేవాళ్ళు. అంటే క్షేమమన్నమాట! లోపలుంటే నీకేం లోటు?"

"రేవులోకొచ్చిన ఓడ మళ్ళీ బయల్దేరేది కాదా మామయ్యగారూ?"

"బయల్దేరకేం? ఒకవైపు నోరుంటుందిగా."

ఆమె బకెట్లో నీళ్ళు పారబోసి, దాన్ని వెనక గోడ దగ్గర బోర్లించి ఎక్కింది. అవతల సైకిల్ షాపు పెరడు.

"అన్నయ్యా, ఇక్కడ తలుపు పెట్టుకుంటే మీ పెరట్లోంచి నడవనిస్తారా?"

షాపాయన గోడ మీది తలకాయని చూసి కాస్త జడుసుకున్నాడు. "నడవండమ్మా, టైర్లు తొక్కకపోతే చాలు."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ గునపం దించాడు. బావగారు పరిగెత్తుకొచ్చారు. "గోడకి కన్నం పెడితే దొంగలు రారూ?"

"మీ గేటుకి తాళం ఉందిగా బావగారూ."

సాయంత్రానికి తలుపు కూర్చుంది. చిన్నకోడలు సంచీ తగిలించుకుని గడియ తీసేసరికి వెనక చెప్పుల చప్పుడు. తోడికోడలు! తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది.

"ఎక్కడికక్కా?" నోరు జారింది చిన్నకోడలు.

"ఏమో. ఎప్పుడైనా వెళ్తేగా తెలియడానికి! మీ బావగారు గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు. పక్కకి జరుగు ముందు."

జరిగింది. తోడికోడలు టైర్లన్నీ తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.