సీలెంట్ లేని స్క్రూలు

మా ఆయన చనిపోయిన నెలకే, ఆయన విమానాలు బాగుచేసిన షెడ్డులో ఆయన తమ్ముడు చిన్న విమానం రెక్కకు ఉక్కు స్క్రూలను పొడిగా బిగించేస్తున్నాడు. స్క్రూల సందుల్లోకి తడి చొరకుండా పూసే సీలెంట్ డబ్బాకు, మా ఆయన వేలిముద్రలు ఇంకా పోని దానికి, మూత కూడా తీయలేదు. సాయంత్రం ఆ విమానాన్ని నడపబోయేది మా అమ్మాయి.

"సీలెంట్ పూయకుండా బిగిస్తున్నావేం?" అన్నాను.

"అది ఆరేదాకా కూర్చుంటే పని తెమలదు వదినా. నీ పాఠాలు బళ్లో పిల్లలకు చెప్పుకో."

"అల్యూమినియానికి ఉక్కు తగిలిన చోట తడి చేరితే రేకును తుప్పు తినేస్తుంది. మీ అన్నయ్య ఒక్క స్క్రూ కూడా పొడిగా పెట్టలేదు."

"అన్నయ్య చాదస్తం అన్నయ్యతోనే పోయింది."

నేను రెక్క దగ్గరికి వెళ్లాను. నిరుడు అతను పొడిగా బిగించిన స్క్రూ చుట్టూ రంగు ఉబ్బి ఉంది. గోటితో గీకాను. తుప్పు తెల్లటి పొడిగా రాలి, కింద రేకులో గుంట కనిపించింది.

"తుడిస్తే పోతుంది," అన్నాడు, నా ముఖం చూడకుండా.

అంతసేపూ షెడ్డు గుమ్మంలో నిలబడి విన్న అమ్మాయి వచ్చి విమానం తలుపు తెరిచింది.

"అయితే నా పక్కన కూర్చో బాబాయ్. ఇద్దరం ఎగిరొద్దాం."

మరిది విమానం ఎక్కలేదు. "తల్లీకూతుళ్లు నా ప్రాణానికి తయారయ్యారు" అని గొణుగుతూ, బిగించిన స్క్రూలను ఊడదీయడం మొదలుపెట్టాడు.