తిరగముడి

ఆ రోజు పొద్దున ఆకాశం ఒక మూల నల్లగా, ఒక మూల తెల్లగా, ఉతికినవీ ఉతకనివీ కలిపి ఆరేసిన బట్టల్లా ఉంది. మా ఊళ్లో అయితే అలాంటి ఆకాశం చూసి రేవులో పడవలకి రెండో తాడు వేసేవాళ్లం. ఇక్కడ దాన్ని పట్టించుకున్నవాడు లేడు. తలెత్తినవాళ్లంతా మేడల్నీ వంతెనల్నీ చూస్తున్నారు.

ఊరివాళ్లం కలిసి బస్సు మాట్లాడుకుని ఈ కాలవల పట్నం చూడ్డానికి వచ్చాం. దీపాలు పెట్టే వేళకి బస్సు తిరిగి బయలుదేరుతుంది. అందరూ రాజుగారి మేడవైపు కదిలారు. నాకు మేడతో పనిలేదు. మా అన్నతో పని.

అన్న ఇల్లు వదిలి చాలా ఏళ్లయింది. మా ఊరి లారీ డ్రైవరు ఒకసారి ఈ పట్నంలో చూశానన్నాడు. ఎక్కడరా అంటే, "నీళ్ల పక్కన బాబాయ్" అన్నాడు. తీరా వచ్చి చూస్తే ఊరంతా నీళ్లే.

ఎవరికి వారు తిరిగి చూసుకోవడానికని గోడలమీద పసుపు బాణాలు వేసి ఉన్నాయి. పాతపేట వైపు వెళ్లే బాణాల దారిలో నరమానవుడు లేడు. నేను అటు తిరిగాను.

"అటేముందయ్యా? జనమంతా ఇటు పోతుంటే!" అంది మా ఆవిడ.

"పడవలు."

"పడవలు చూడ్డానికా ఇంత దూరం? మనింటి వెనక లేవా?" అంటూనే నా వెనక వచ్చింది. నేను మాట్లాడని లోటు ఆమె తీరుస్తుంది. అందుకే మా కాపురం సాగింది.

పాతపేటలో కాలవలు ఇరుకు. ఇంటి గడపదాకా నీళ్లే. గోడలమీద మోకాటి ఎత్తున పాచి గీత. ఒక దర్జీ కిటికీలో కూర్చుని కుడుతుంటే మిషను చప్పుడు నీళ్లమీదుగా అవతలి గోడకి తగిలి తిరిగొస్తోంది. ఎదురెదురు ఇళ్లమధ్య తాళ్లు, వాటిమీద దుప్పట్లు. కింద వరసగా పడవలు.

మూడో వంతెన దిగుతూ ఆగిపోయాను. కూరగాయల పడవ ఒకటి ఉంది. దాని ముక్కున ఇనుప కడియం, కడియానికి తాడు. తాడు ముడి ఎడమకి తిరిగి ఉంది.

"ఏమైందయ్యా? కాలు బెణికిందా?"

"అన్న" అన్నాను.

"ఎక్కడ?" ఆమె చుట్టూ చూసింది. పడవలో గుమ్మడికాయలు తప్ప ఎవరూ లేరు.

మా నాన్న రేవులో పడవ నడిపేవాడు. తనొక్కడే వేసే ముడి నేర్పేటప్పుడు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నన్ను చూసి వెయ్యండి" అనేవాడు. చూసి వేశాం. అద్దంలో బొమ్మలా కుడి ఎడమైంది. ఆయన కనిపెట్టేసరికి మా చేతులకి అదే అలవాటైపోయింది. "మీకున్నవి చేతులా, గరిటెలా?" అని తిట్టేవాడు. ఎన్ని రేవులు తిరిగినా ఆ ముడి ఇంకెక్కడా చూడలేదు.

ఒక వరదకి పడవ కొట్టుకుపోయింది. ఆ రాత్రి కట్టినవాడు అన్న. నీ తిరగముడే జారిందని రేవులో అందరిముందూ నాన్న చెయ్యి చేసుకున్నాడు. తెల్లారేసరికి అన్న లేడు. వరద తీశాక పడవ దిగువన తుప్పల్లో దొరికింది. తాడు చివర రేవు గుంజ మొదలంటా ఊడి వచ్చేసి ఉంది. దానికి ముడి బిగిసే ఉంది. ఆ మాట అన్న చెవిన పడాలి. నాన్న పోయాడు. ఇక చెప్పగలిగినవాణ్ణి నేనే.

గుమ్మడికాయలవాడు వచ్చాడు. "ఈ ముడి ఎవరిది?" అని అడిగాను.

"ఇదా? తిరగముడి మేస్త్రీది. పడవ బాగుచేయించుకుంటే కడియానికి తాడు తనే కట్టిస్తాడు. గాలివానకి కూడా జారదు. విప్పుదామంటే మా తాతలు దిగిరావాలి."

"ఎక్కడుంటాడు?"

"బాణాలన్నీ కుడికి పోయేచోట నువ్వు ఎడమకి పో పెద్దాయనా. ఆపైన ముక్కే చెబుతుంది."

కాళ్లు నేలమీద ఆగలేదు. ఇంకో పడవకి అదే ముడి. దాని పక్కదానికీ అదే. వంగి ప్రతి తాడూ తడిమి చూస్తున్నాను.

"పశువుల సంతకొచ్చినట్టు ఆ తడమడం ఏంటి? దొంగనుకుంటారు! కాస్త నెమ్మదయ్యా, నీ వయసుకి తగ్గట్టు నడువ్!" మా ఆవిడ రొప్పుతోంది. రొప్పుతూనే, "అదిగో, ఇంకోటి! అదీ ఎడమకే!" అని నాకంటే ముందు పరిగెత్తింది.

బాణాలు కుడికి తిరిగాయి. మేం ఎడమకి తిరిగాం. తారు కాగుతున్న వాసన కొట్టింది. సందు చివర రేకుల కొట్టం, దాని ముందు రాతి మెట్లు, మెట్ల దగ్గర కట్టేసిన పడవ. లోపల బోర్లించిన పడవమీద వంగి ఒక ముసలాయన సుత్తితో కొడుతున్నాడు. వెనకనుంచి ఆ మెడ చూస్తే అచ్చం నాన్నే.

"పిలవ్వయ్యా!"

నేను మెట్ల దగ్గరున్న తాడు చూస్తున్నాను.

"పోనీ నేను పిలవనా?"

వద్దన్నట్టు చెయ్యి ఊపాను. మెట్లు దిగి, రాతిలో దిగేసిన కడియానికున్న ముడి విప్పాను. ఆ తాడునే మా చిన్నప్పుడు నాన్న వేసినట్టు కుడికి తిప్పి కట్టాను.

కాసేపటికి ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మమ్మల్ని ఊరు చూడవచ్చినవాళ్లనుకున్నట్టుంది, దాటుకుని దిగిపోయాడు. అలవాటుగా ముడిమీద చెయ్యేశాడు. అది రాలేదు.

"ఎవడ్రా నా తాడు ముట్టుకుంది?" అని అరిచి, వంగి చూశాడు. వేలితో ముడి చుట్టూ నెమ్మదిగా తడిమాడు. తలెత్తకుండానే అడిగాడు. "నాన్న వచ్చాడా?"

"లేదన్నా. నాన్న పోయాడు. నేనొచ్చా."

అప్పుడు చూశాడు.

"చిన్నోడివా? బట్టతలొచ్చిందేంట్రా!"

"నీకు రాలేదా?"

"నాది ఎండకి పోయింది" అన్నాడు. మా ఆవిడ కిసుక్కున నవ్వింది. అన్న ఆమెవైపు తిరిగాడు. "మరదలా? అమ్మయ్యా, మాట్లాడే మనిషి ఒకరొచ్చారు మనింటికి."

ఇక ఆగలేకపోయాను. "ముడి జారలేదన్నా. గుంజే ఊడింది. పడవ దొరికినప్పుడు నీ ముడి గుంజకి అలాగే ఉంది. నాన్న చూశాడు."

అన్న మెట్టుమీద కూర్చున్నాడు. "ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత నాకెప్పుడూ ఎదురుగా కూర్చోలేదు. తాడు పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు. మన ముడి నేర్చుకున్నాడు. పోయేదాకా అదే వేశాడు."

"ఎన్నాళ్లు పట్టింది నేర్చుకోడానికి?"

"ఓ వానాకాలం."

"మొద్దు!" అన్నాడు అన్న. నవ్వుతున్నాడు, ముంజేత్తో ముక్కు తుడుచుకుంటున్నాడు. "మీకున్నవి చేతులా గరిటెలా అని అనలేకపోయావురా?"

"అన్నాను."

"అని బతికే ఉన్నావే! ఏమన్నాడు?"

"నవ్వాడు."

అన్న లేచాడు. వెళ్లాల్సిన పని మానేశాడు. నాన్న ముడి విప్పకుండా పడవ అలాగే వదిలేసి, "ఏమేవ్, నా తోడబుట్టినవాడు!" అని లోపలికి కేకేశాడు. వదిన పిండి చేతులతోనే గుమ్మంలోకొచ్చింది. మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి, "ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోందిలే. కాళ్లు కడుక్కోండి" అంది.

కొట్టం వెనక గదిలో కిటికీకింద కాలవ. మాటల్లోనే పొద్దు వాలాక నేలమీద నలుగురం కూర్చున్నాం. వేడి రొట్టెలు, చేపల కూర. పొద్దుటినుంచీ ఎటూ తేల్చుకోని ఆకాశం అప్పుడు తేల్చుకుంది. రేకులమీద వాన దబదబ మొదలైంది. బయట దీపాలు వెలిగాయి. బస్సు మాట ఎవరూ ఎత్తలేదు, మా ఆవిడతో సహా.

అన్న నాకు ఎదురుగా కూర్చున్నవాడల్లా కంచం పట్టుకుని లేచి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. తన కంచంలో చేపముక్క తీసి నా కంచంలో వేశాడు. తిన్నాను.