కొట్టేసిన ఊళ్ళు

బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే అతనికి మూడేళ్ళుగా వారమంటే ఒక్క రోజే. ఆదివారం పొద్దున పదింటికి పిల్లలిద్దరూ అతని గదికి వస్తారు. సాయంత్రం ఆరింటికి వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోతుంది. మిగతా ఆరు రోజులూ బస్సుల కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తూ గడిపేవాడు. పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నోడికి ఏడు.

ఒక ఆదివారం వాన పట్టుకుంది. పెద్దది బడికోసం కొనుక్కున్న దేశపటాన్ని నేలమీద పరిచింది. చిన్నోడు దానిమీద బోర్లా పడుకుని, "మనం ఎక్కడున్నాం నాన్నా?" అనడిగాడు. అతను కింది అంచున ఒక చుక్క చూపించాడు. వాడు అక్కణ్ణుంచి పటం పై అంచుదాకా మోచేతులమీద పాక్కుంటూ వెళ్ళాడు.

"ఇక్కడ మంచు ఉంటుందా? వెళ్దామా?"

"వెళ్దాం," అన్నాడు అతను. నోరుజారి అన్నమాటే. అన్నాక ఇక మనసు ఆగలేదు.

వాడకుండా దాచుకున్న సెలవులన్నీ కలిపితే ఇరవై నాలుగు రోజులు తేలాయి. బడికి సెలవులివ్వగానే దేశానికి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలి. ఇక ఆదివారాలన్నీ దానికే. పెద్దది స్కేలూ పెన్సిలూ పట్టుకుని ఆఫీసరమ్మలా కూర్చునేది. కోట దగ్గర రెండు రోజులు, జలపాతం దగ్గర మూడు, ఎడారిలో ఎన్నో తేలక పోట్లాట. చిన్నోడికి మాత్రం మంచూ, రైల్లో పై బెర్తూ ఉంటే చాలు.

"బస్సులోనే వెళ్దాం నాన్నా, నీకు బస్సులిష్టం కదా!" అంది పెద్దది.

అతను దణ్ణం పెట్టేశాడు. "బాబోయ్! బస్సెక్కితే ఇంజన్ మాటలే తప్ప మీ మాటలు నా చెవికెక్కవమ్మా. రైల్లోనే పోదాం."

డిపోలో పనిచేస్తున్నా ధ్యాసంతా దారిమీదే. ఏ స్టేషన్లో ఎవరి చెయ్యి పట్టుకుని దిగాలో అన్నీ ఊహించుకునేవాడు. పక్కవాడు పానా ఇమ్మంటే, జలపాతం దగ్గర్నుంచి వెనక్కి రావడానికి అతనికి కాస్త టైం పట్టేది.

ఇక వాళ్ళమ్మని అడగడం ఒక్కటే మిగిలింది. ఆమెది కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే పని. విడిపోయాక అతన్ని 'మీరు' అనడం మొదలుపెట్టింది. కలిసున్నప్పుడు లేని ఆ మర్యాద వినబడ్డప్పుడల్లా అతనికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

"ఇరవై నాలుగు రోజులా? మీకేమైనా మతి పోయిందా?" అంది అతని గది మెట్ల కింద నిలబడి. "చిన్నోడికి వేళకి తిండి పడకపోతే జ్వరం తెచ్చుకుంటాడు."

"వేళకే పెడతాను."

"అసలంత దూరం ఎందుకు? ఇక్కడే ఎక్కడికైనా తిప్పుకు రావచ్చుగా?"

అతను గోటి సందులోని గ్రీజు గీక్కుంటూ తడుముకున్నాడు. "నా దగ్గరికి స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, చుట్టాలింటికి వచ్చినట్టు వస్తారు. వాళ్ళు నిద్ర లేస్తుంటే చూసి మూడేళ్ళయింది."

పైనుంచి పిల్లలు చెప్పులేసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. ఆమె తలెత్తి అటు చూసింది.

"పద్నాలుగు రోజులు," అంది చివరికి. గొంతు మెత్తబడింది. "అంతకంటే వాళ్ళని చూడకుండా ఉండడం నావల్ల కాదు. నువ్వే అర్థం చేసుకో."

'నువ్వు' అన్నానని ఆమెకి తెలిసిందో లేదో. అతను ఆ వారమంతా ఆ మాటే తలుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం పటం మళ్ళీ పరిచారు. "పది రోజులు తగ్గించాలమ్మా," అన్నాడు అతను. "రైల్లోనే బోలెడు రోజులు పోతున్నాయి. ఒకవైపు విమానంలో పోదాం."

పెద్దది తల అడ్డంగా ఊపి పెన్సిలు తీసుకుంది. కోట కొట్టేసింది. జలపాతం కొట్టేసింది. ఎడారి కొట్టేసింది. పెన్సిలు పైకి పాకేసరికి చిన్నోడు మంచుమీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఇది కొట్టేస్తే నేను రాను!" అని బుంగమూతి పెట్టాడు. దాన్ని వదిలేసింది.

"అదేంటే, చూడాల్సినవన్నీ తీసేసి ఉత్త రైలు ఉంచావు?"

పెద్దది తలెత్తలేదు. "ఊళ్ళో దిగితే అది చూడండి ఇది చూడండి అని నువ్వు హడావిడి పడతావు నాన్నా. రైల్లో అయితే ఎక్కడికీ పోలేవు. మా దగ్గరే కూర్చుంటావు."

అతను మంచినీళ్ళ మిషతో లేచి, గోడవైపు తిరిగి, ఒక్క గ్లాసు నీళ్ళు చాలాసేపు తాగాడు.

బయల్దేరే రోజున వాళ్ళమ్మ స్టేషన్‌కి వచ్చింది. ఏ మందు దేనికో రాసిన కాగితం, మందుల సంచీ అతని చేతిలో పెట్టింది. రైలు కదిలాక కిటికీ పక్కన నాలుగడుగులు నడిచి ఆగిపోయింది.

"అమ్మ కూడా వస్తే బాగుండేది," అన్నాడు చిన్నోడు. అతనూ అదే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున పెద్దది దువ్వెన పట్టుకొచ్చి అతని ముందు కూర్చుంది. "జడ వెయ్యడం వచ్చా నాన్నా?"

"రాదమ్మా."

"అయితే నేర్చుకో."

ఇనుముతో పోట్లాడే వేళ్ళకి ఆ మెత్తటి జుట్టు లొంగలేదు. మూడు పాయలు పట్టుకుంటే నాలుగోది ఎక్కణ్ణుంచో వచ్చేది. రైలు ఊగినప్పుడల్లా ఒకటి జారిపోయేది. చిన్నోడు పై బెర్తు మీంచి తల వేలాడేసి, "అక్కా, నీకు తోక మొలిచింది!" అని పకపకా నవ్వాడు.

పెద్దది వెనక్కి తడుముకుని చూసుకుంది. "పర్లేదులే. రేపు మళ్ళీ వేద్దువుగాని."

రేపు. ఇన్నాళ్ళూ వెళ్ళేటప్పుడు వాళ్ళు 'వచ్చే ఆదివారం' అనేవాళ్ళు. అతను ఊడిపోయిన పాయల్ని మళ్ళీ దగ్గరికి తీసి, మొదట్నుంచీ దువ్వడం మొదలుపెట్టాడు.