కంటి నడుమ తెల్ల చుక్క

స్వరూపకు తల్లి ఉన్నది ఒక్క ఫోటోలోనే. కిషన్‌బాగ్‌లో తల్లి చెల్లెలు సుశీలమ్మ చిన్నమ్మ ఇంట్లో, ఊరి నుంచి తెచ్చుకుని బియ్యం డబ్బా పైన గోడకు తగిలించిన ఆ ఫోటోకు చెప్పకుండా ఆమె గడప దాటదు. తల్లి పోయేనాటికి స్వరూపకు పదినెలలు. అంతకు ముందు చార్మినార్ చూడవచ్చినప్పుడు సరదాపడి దిగిన ఫోటో అని చిన్నమ్మ చెప్పింది. ఊళ్లో అందరూ ఆ ఫోటోనూ స్వరూపనూ మార్చి మార్చి చూసి, "అచ్చం మీ అమ్మ కండ్లే బిడ్డా" అనేవారు. తల్లి నుంచి తనకు దక్కింది అదొక్కటేనని ఆమె నమ్మకం.

ఫోటో వెనుక పత్తర్‌గట్టి గోవర్ధన్ స్టూడియో ముద్ర ఉంది. ఊరి బడి చదువు ముగించి, కంప్యూటర్ నేర్చుకుని పట్నం వచ్చాక ఆమె మొదట పని అడిగింది అక్కడే. ముద్ర సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం స్టూడియోకు అమెరికా పని వచ్చింది. ఎక్కడో ఏటి ఒడ్డున ఓ చిన్న ఊరు. ఆ ఊరి లైబ్రరీ వాళ్లు నూరేళ్లు దాటిన ఫోటోలు పంపి, మరకలూ గీతలూ తీసి ఇమ్మన్నారు. పిండిమర, వరదకు విరిగిన వంతెన, బడి మెట్ల మీద పిల్లలు. నెల తిరిగేసరికి స్వరూపకు ఆ ఊరంతా తెలిసిపోయింది. పిండిమర ముందు చేతులు కట్టుకున్న మీసాలాయన వరద ఫోటోలో ఒంటిచేత్తో కనిపించాడు. రెండో చెయ్యి ఏమైందో ఎవరూ రాయలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి తెర నల్లబడినప్పుడు, వీళ్లలో ఒక్కరూ బతికి లేరని ఆమెకు గుర్తొచ్చేది.

ఒక ఫోటోలో కుర్చీలో అక్క, ఒళ్లో చెల్లెలు. చిన్నదాని కళ్లు మూసుకుని ఉన్నాయి. సరిగ్గా అప్పుడే రెప్ప వేసిందనుకుంది స్వరూప. స్టూడియోలో నలభై ఏళ్లుగా బొమ్మలు దిద్దుతున్న కృష్ణయ్య తాత ఆమెకు ముందే నేర్పాడు: "కండ్లు పరాయోళ్లయి తేవద్దు. రక్తసంబంధం ఉన్నోళ్లయి తేవాలె. అప్పుడే అతుకుతయి." ఆమె అక్క కళ్లు తెచ్చి చెల్లెలికి పెట్టి పంపింది.

నాలుగు రోజులకు గోవర్ధన్ సేఠ్ ఫోను పట్టుకుని వచ్చాడు. "ఏం చేసినవమ్మా? ఆ పిల్ల అప్పటికే చచ్చిపోయిందంట! గొంతు జబ్బుతోని పోయినంక అక్క ఒళ్లె కూసోబెట్టి దింపిన్రంట. మరకలు తీయమంటే పానం పోసినవ్!"

కృష్ణయ్య నవ్వాడు. "గీ దానికి లొల్లేంది సేఠ్? మన పనే గదా. ఇండ్లకు పోయి ఎంతమంది పీనుగుల ఫోటోలు తీసి కండ్లు రాసిన నేను! కండ్లు మూసిన ఫోటో ఎవరన్న గోడకు పెట్టుకుంటరా?"

"వాళ్లు పెట్టుకుంటరంట. మూసెయ్ తల్లీ, మూసెయ్."

స్వరూప పాత రెప్పలు తెచ్చి మూసింది. రెండు నిమిషాల పని. తర్వాత కృష్ణయ్య వైపు తిరిగింది.

"తాతా, రాసిన కండ్లని ఎట్ల గుర్తుపట్టాలె?"

"అసలు కంట్లె తెల్లచుక్క ఎటు వెలుతురుంటే అటే పడతది. నేను సక్కగ నడిమిట్ల పెడత. ఏడ నిలబడ్డా మనల్నే చూసినట్టుంటది. ఇంటోళ్లు ఖుష్."

ఆమెకు ఇంట్లోని ఫోటో గుర్తొచ్చింది. బియ్యం డబ్బా దగ్గరున్నా, పొయ్యి దగ్గరున్నా తల్లి తననే చూసేది.

మరునాడు ఆ ఫోటోను తువ్వాలలో చుట్టి తెచ్చింది. తల్లి ముఖం మీద వెలుతురు ఎడమవైపు నుంచి పడింది. చుక్కలు నడుమ ఉన్నాయి. కృష్ణయ్య ఫోటో తిప్పి, వెనుక తను పెన్సిల్‌తో రాసిన నంబరు చూసి, కళ్లద్దాలు తీశాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా అమ్మ."

ఆయన కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "హుస్సేనీ ఆలంల తీసిన. దవాఖానల పోతే ఊరికి తీస్కపోతున్నరు. బయట ఆటో ఆగి ఉంది. గోడకు ఆనించి కూసోబెట్టిన."

చిన్నమ్మ వాళ్లు అప్పట్లో హుస్సేనీ ఆలంలోనే ఉండేవారు. "మా చిన్నమ్మ కండ్లు పెట్టిన్రా?"

"పెడదామనే అనుకున్న. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయినయి, పనికిరాలే. ఆమె సంకల ఏడాది నిండని పోరి ఉండె. ఏడ్వకుంట నన్నే చూస్తుండె. ఆ కండ్లే మనసుల పెట్టుకొని రాసిన." ఆయన తల దించుకున్నాడు. "జర పెద్దగ రాసిన, అంతే."

ఆయనే వెళ్లి రేకుపెట్టెలోంచి, తన కుంచె తగలని నెగెటివ్ వెతికి తెచ్చాడు. స్వరూప దాన్ని స్కానర్ మీద పెట్టింది. తెర మీద పాపిట వచ్చింది, నుదురు వచ్చింది, తర్వాత రెప్పలు. ఎడమ రెప్ప పూర్తిగా మూతపడలేదు. సన్నని సందు ఉంది. ఆమె దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. లోపల నలుపూ తెలుపూ నలుసులే తప్ప చూపు లేదు. చెంప మీద పెద్ద గీత ఉంది. అలవాటుగా తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం సుశీలమ్మ బియ్యం ఏరుతోంది. "ఫోటో ఏడికి తీస్కపోయినవే?"

"తుడిపిద్దామని."

"మంచిగ చేసినవ్." చిన్నమ్మ ఫోటోనూ ఆమెనూ మార్చి చూసింది. "అచ్చం మీ అమ్మ కండ్లే నీయి."

స్వరూప ఫోటోను మేకుకు తగిలించి వెనక్కి జరిగింది. గోడ మీంచి తన కళ్లే తనను చూస్తున్నాయి. రెప్పలు మండుతున్నా ఆమె రెప్ప వేయలేదు. వేసిన ఆ క్షణంలో అవతలి కళ్లు ఏం చేస్తాయో తనకెప్పటికీ కనిపించదు.